లీటరు నూనె ఎన్ని గ్రాములు?

లీటరు వంటనూనె కిలో తూగదు. మన ప్రాంతంలో మామూలుగా ఉండే 30 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. కిలోకు 90 గ్రాములు తక్కువ. అదే లెక్కను తిరగేస్తే, కిలో నూనె లీటరు సీసాలో పట్టదు. దానికి దాదాపు 1,100 మిల్లీలీటర్ల చోటు కావాలి. నూనె గానుగ దగ్గర కిలోల్లో దిగుతుంది, టోకు బజారులో టిన్నుల్లో కదులుతుంది, కిరాణా కొట్లో లీటర్లలో అమ్ముడవుతుంది, వంటింట్లో గరిటెలతో పడుతుంది, పోషకాహార పట్టికల్లో గ్రాములుగా కనిపిస్తుంది. ఒక లెక్క నుంచి ఇంకో లెక్కకు మారిన ప్రతిచోటా ఈ 90 గ్రాముల తేడా ఎవరో ఒకరికి లాభంగానో నష్టంగానో తేలుతుంది.

లీటరన్నా కిలో అన్నా ఒకటేనన్న నమ్మకం నీళ్ల వల్ల పుట్టింది. 18వ శతాబ్దం చివర ఫ్రాన్సులో మెట్రిక్ పద్ధతిని కట్టినప్పుడు కిలోగ్రామును లీటరు నీటి బరువుతోనే ముడిపెట్టారు. 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ఆ ముడిని తిప్పి వేసింది. కిలో నీరు, తన సాంద్రత అత్యధికంగా ఉన్న వేడి దగ్గర, ఆక్రమించే చోటే లీటరని చెప్పింది. ఆ వేడి సుమారు 4 డిగ్రీలు. 1964లో ఆ నిర్వచనాన్ని పక్కనపెట్టి, పది సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఘనం పరిమాణమే లీటరని తేల్చారు. అప్పటి నుంచి లీటరుకు నీటితో చట్టబద్ధమైన సంబంధం లేదు. జనం లెక్కలో మాత్రం ఆ సంబంధం పోలేదు. నీళ్లకూ, కాస్త అటూ ఇటూగా పాలకూ సరిపోయే లెక్కను నూనెకూ అంటగట్టేస్తారు.

మెట్రిక్ కొలతలు రాకముందు తెలుగునాట తూకం వేరు, కొలత వేరు. వీశె తూకం: 120 తులాలు, ఇప్పటి లెక్కలో 1.4 కిలో. గిద్దె, సోల, తవ్వ, మానిక కొలతలు: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. గిద్దెతో కొలిచిన నూనెను ఎవరూ తులాల్లో అడిగేవారు కాదు కాబట్టి గందరగోళం తక్కువ. చిక్కంతా శేరుతోనే. తూచేదీ శేరే, కొలిచేదీ శేరే. పైగా ఊరు మారితే శేరూ మారేది. 80 తులాల శేరు 933 గ్రాములు, మద్రాసు ప్రాంతపు 24 తులాల శేరు 280 గ్రాములు. 1956 నాటి తూనికలు కొలతల చట్టం వచ్చాక ఈ వైవిధ్యం క్రమంగా పోయింది. కానీ ఒకే సరుకు రెండు లెక్కల్లో నడిచే అలవాటు నూనె విషయంలో మిగిలిపోయింది.

నూనె నీటికంటే ఎందుకు తేలిక అన్నది ముందు తెలుసుకోవాలి. ఒక మిల్లీలీటరు చోటులో ఎన్ని గ్రాముల పదార్థం ఉంటే అది ఆ పదార్థపు సాంద్రత. నీటి అణువులు చిన్నవి. ఒకదాన్నొకటి గట్టిగా ఆకర్షించుకుని దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి. నూనె అణువు గ్లిజరాల్‌కు మూడు పొడవాటి కొవ్వు ఆమ్లపు గొలుసులు తగిలించినట్టు ఉంటుంది. ఆ గొలుసుల్లో ఉన్నది ఎక్కువగా కార్బను, హైడ్రోజను. బరువైన ఆక్సిజను పాలు తక్కువ. అణువుల మధ్య ఆకర్షణ కూడా నీటిలో ఉన్నంత బలంగా ఉండదు. అంత పెద్ద అణువులు అంత బిగువుగా ఇమడవు కనుక అదే చోటులో తక్కువ బరువు పడుతుంది. నీటిమీద నూనె తేలడానికీ, లీటరు నూనె కిలో తూగకపోవడానికీ కారణం ఒక్కటే.

చిక్కదనానికీ బరువుకూ సంబంధం ఉందనుకోవడం పొరపాటు. గానుగ నువ్వుల నూనె చిక్కగా, నెమ్మదిగా జారుతుంది. దాన్ని చేత్తో పట్టుకుంటే రిఫైండ్ నూనెకంటే బరువుగా ఉన్నట్టే తోస్తుంది. కాటా మీద రెండింటికీ తేడా లీటరుకు నాలుగైదు గ్రాములు దాటదు. ఆముదం వంటనూనె కాకపోయినా ఇక్కడ చెప్పుకోదగ్గది. అంత చిక్కటి ఆముదం కూడా లీటరుకు 960 గ్రాముల దగ్గరే ఆగుతుంది, నీటిమీద తేలుతుంది. మిగతా నూనెలకంటే దానికున్న ఆ 50 గ్రాముల ఎక్కువ కూడా చిక్కదనం వల్ల వచ్చింది కాదు. ఆముదంలోని ప్రధాన కొవ్వు ఆమ్లంలో అదనంగా ఒక ఆక్సిజను పరమాణువు ఉంటుంది. బరువు పెంచేదీ, పక్క అణువులను పట్టి ఉంచి నూనెను జిగటగా చేసేదీ అదే.

వంటనూనెల్లో ఒకదానికీ ఇంకోదానికీ తేడా స్వల్పం. 30 డిగ్రీల దగ్గర చాలా నూనెలు లీటరుకు 905 నుంచి 915 గ్రాముల మధ్యే ఉంటాయి. పొద్దుతిరుగుడు, సోయా, నువ్వుల నూనెలు ఆ శ్రేణిలో పైభాగాన, పామాయిల్, ఆవనూనె కిందిభాగాన ఉంటాయి. వేరుశనగ నూనె, అదే తెలంగాణలో పల్లీ నూనె, సుమారు మధ్యలో ఉంటుంది. అణువుల్లో ద్విబంధాలు ఎక్కువగా ఉన్న నూనె కొంచెం బరువు. కొబ్బరినూనెలో ద్విబంధాలు తక్కువే అయినా గొలుసులు పొట్టివి. అందువల్ల ఆక్సిజను పాలు పెరిగి అదీ పైభాగానికే చేరుతుంది. ఈ సూక్ష్మభేదాలు ప్రయోగశాలకు అవసరం. ఇంటికీ అంగడికీ 910 అన్న ఒక్క అంకె చాలు. దాన్ని వాడితే వచ్చే పొరపాటు మహా అయితే నూటికి సగం పాలకు కాస్త పైన.

ఇక మార్చే పద్ధతి. లీటర్లను కిలోలు చేయాలంటే 0.91తో గుణించాలి. కిలోలను లీటర్లు చేయాలంటే 0.91తో భాగించాలి. నోటిలెక్కకు ఇంకా తేలిక దారి ఉంది. లీటర్ల నుంచి కిలోలకు వచ్చేటప్పుడు పదో వంతు తీసేసి, నూరో వంతు తిరిగి కలపాలి. 15 లీటర్లకు పదో వంతు ఒకటిన్నర. తీసేస్తే 13.5. నూరో వంతు 0.15 కలిపితే 13.65 కిలోలు. కిలోల నుంచి లీటర్లకు పోయేటప్పుడు పదో వంతు కలిపితే సరి. 15 కిలోలకు 16.5 లీటర్లు. కచ్చితమైన లెక్క 16.48. తీసేటప్పుడు నూటికి తొమ్మిది తీశాం కదా అని కలిపేటప్పుడూ తొమ్మిదే కలిపితే లెక్క తప్పుతుంది. తీసేది పెద్ద సంఖ్యలోంచి, కలిపేది చిన్న సంఖ్యకు. అందుకే ఒకవైపు తొమ్మిది పాళ్లు, రెండోవైపు దాదాపు పది పాళ్లు.

ఈ 15 లీటర్లు, 15 కిలోలు ఊరికే ఎంచుకున్న అంకెలు కావు. హోటళ్లు, మిఠాయి దుకాణాలు, పచ్చళ్లు పెట్టేవారు, పెళ్లి వంటల మేస్త్రులు నూనెను టిన్నుల లెక్కన కొంటారు. బజారులో 15 కిలోల టిన్నూ ఉంది, 15 లీటర్ల టిన్నూ ఉంది. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. మాటల్లో రెండూ ‘పదిహేను టిన్ను’లే. కానీ 15 లీటర్ల టిన్నులో ఉన్నది 13.65 కిలోల నూనె. 15 కిలోల టిన్నుకంటే కిలో 350 గ్రాములు తక్కువ, అంటే దాదాపు లీటరున్నర తక్కువ. ధర చూసి కొనేవారికి ఇది పెద్ద ఉచ్చు. ఉదాహరణకు 15 లీటర్ల టిన్ను 2,250 రూపాయలు, 15 కిలోల టిన్ను 2,400 రూపాయలు అనుకుంటే, చూడగానే మొదటిది 150 రూపాయలు చవక అనిపిస్తుంది. లెక్క వేస్తే మొదటి టిన్నులో కిలో నూనె ధర 165 రూపాయలకు కాస్త తక్కువ, రెండో టిన్నులో 160 రూపాయలు. ఎక్కువ ధర రాసి ఉన్న టిన్నే చవక. పెళ్లికి పది టిన్నులు తెచ్చేచోట ఈ తేడా 660 రూపాయల దాకా పోతుంది. టిన్ను కొనేటప్పుడు ధర అడిగే ముందు కిలోలా లీటర్లా అని అడగడం ఉత్తమం. అంతకంటే ఉత్తమం టిన్ను మీద రాసిన నికర బరువు చదవడం.

టోకు వ్యాపారం బరువు మీదే నడుస్తుంది. అక్కడ ధర సాధారణంగా పది కిలోలకు చెబుతారు. అంతర్జాతీయ బజారులోనూ అంతే. మలేషియా ఎక్స్ఛేంజిలో ముడి పామాయిల్ ధర టన్నుకు, ఒక్కో ఒప్పందం 25 టన్నులకు. చికాగోలో సోయా నూనె ధర పౌనుకు ఇన్ని సెంట్లని, ఒక్కో ఒప్పందం 60,000 పౌన్లకు, అంటే 27 టన్నుల పైమాటకు. ఓడలో ఎండకు వేడెక్కే నూనెను, చలిదేశపు ట్యాంకులో గడ్డకట్టబోయే నూనెను లీటర్లలో అమ్మితే ఒప్పందాలు నిలవవు. వ్యాపారులు బరువును పట్టుకోవడానికి కారణం అదే. టన్ను నూనె 30 డిగ్రీల దగ్గర దాదాపు 1,100 లీటర్లు. కాబట్టి పత్రికల్లో టన్ను ధర చూసి వెయ్యితో భాగిస్తే వచ్చేది కిలో ధర, లీటరుది కాదు. లీటరు ధర కావాలంటే దాన్ని మళ్లీ 0.91తో గుణించాలి. దిగుమతి సుంకం, శుద్ధి ఖర్చు, ప్యాకింగు ఆపైన. ఏలూరు ప్రాంతంలో ఆయిల్‌పామ్ వేసే రైతులు గెలలను టన్నుల్లో అమ్ముతారు. ధరలో ఒక భాగం గెలలోంచి దిగే నూనె శాతాన్ని బట్టి ఉంటుంది. ఆ శాతం కూడా బరువుకు బరువే. నూటికి 19 పాళ్లు దిగుతుందంటే టన్ను గెలల నుంచి 190 కిలోలు, అంటే సుమారు 209 లీటర్ల నూనె అన్నమాట. రైతు టన్నులో, వినియోగదారు లీటరులో ఆలోచిస్తారు. ఆ ఇద్దరి ధరలను పోల్చాలంటే ముందు కొలతలు ఒకటి కావాలి.

ఇంత చెప్పినా 910 గ్రాములన్నది ఒక నిర్దిష్టమైన వేడి దగ్గరే నిజం. వేడి పెరిగితే నూనె వ్యాకోచిస్తుంది. బరువు మారదు, చోటు పెరుగుతుంది. సోయా నూనె లీటరు బరువు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములైతే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. డిగ్రీకి లీటరుకు గ్రాములో మూడింట రెండు వంతులు చొప్పున తగ్గుతూ పోతుందని గుర్తుంచుకుంటే చాలు. చలికాలం తెల్లవారుజామున ఆదిలాబాద్‌లో పది డిగ్రీలు, ఎండాకాలం మధ్యాహ్నం రెంటచింతలలో 45 డిగ్రీలు అనుకుంటే, ఒకే లీటరు పాత్రతో కొలిచిన నూనె బరువులో తేడా సుమారు 24 గ్రాములు. పదిహేను లీటర్లకు 350 గ్రాములు. విడినూనెను పాత్రతో కొలిచి అమ్మిన రోజుల్లో ఎండాకాలం అమ్మేవారి పక్షాన, చలికాలం కొనేవారి పక్షాన ఉండేదని చెప్పవచ్చు. ఇప్పుడు విడినూనె అమ్మకానికి చట్టం అడ్డుపడుతుంది. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి నూనె కలిసిన ఆవనూనె తిని జనం వాపుజబ్బు పాలయ్యారు, కొందరు చనిపోయారు. అదే ఏడాది వంటనూనెల ప్యాకింగును తప్పనిసరి చేస్తూ కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. ఆ నియంత్రణ ఉద్దేశం కల్తీని ఆపడం. దానితోపాటు కొలతపాత్ర కూడా కొట్లోంచి కర్మాగారంలోకి వెళ్లిపోయింది.

కర్మాగారంలోనూ ఈ వేడి లెక్క ఊరుకోలేదు. చాలా ఏళ్లు నూనె ప్యాకెట్ల మీద లీటరు పక్కన ఒక ఉష్ణోగ్రత కూడా అచ్చయ్యేది. కొన్ని సంస్థలు దాన్ని 60 డిగ్రీల దాకా పెంచి వేశాయి. చేసింది ఇదీ: ప్యాకెట్టులో 892 గ్రాముల నూనె నింపేవారు, 60 డిగ్రీల దగ్గర అది లీటరే కాబట్టి మీద లీటరని రాసేవారు. శాస్త్రం ప్రకారం అబద్ధం కాదు. కానీ ఏ ఇంట్లోనూ నూనె ప్యాకెట్టు 60 డిగ్రీల దగ్గర ఉండదు. 30 డిగ్రీల ఇంటికి చేరేసరికి ఆ సోయా నూనె 978 మిల్లీలీటర్లే ఉంటుంది. కొన్నవారికి పోయింది 20 గ్రాములు, ఎవరూ గమనించనంత తక్కువ. లక్ష ప్యాకెట్లకు అదే రెండు టన్నులు. ప్యాకింగులో యంత్రం పొరపాటుకు నిబంధనలు అనుమతించే వ్యత్యాసం ఈ పరిమాణానికి 15 మిల్లీలీటర్లు. ఈ ఉష్ణోగ్రత ఉపాయం ఆ అనుమతిని కూడా దాటిపోయింది. తూనికల శాఖ కాటా మీద పెట్టినా దొరకని మోసమిది, ఎందుకంటే ప్యాకెట్టు మీది గ్రాముల అంకె సరిగ్గానే ఉండేది.

2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ దీన్ని పట్టించుకుంది. నికర పరిమాణం ప్రకటించేటప్పుడు ఉష్ణోగ్రత ప్రస్తావన ఉండకూడదని, రాసిన లీటర్లూ గ్రాములూ ఒకదానికొకటి సరిపోవాలని తయారీదారులను, ప్యాకర్లను, దిగుమతిదారులను ఆదేశించింది. సవరించుకోవడానికి 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. కొనే సమయానికి ప్యాకెట్టులో సరైన పరిమాణం ఉండాలంటే 30 డిగ్రీల దగ్గర నింపడం ఉత్తమమని కూడా చెప్పింది. పై సోయా నూనె అంకెలు ఆ సందర్భంలో శాఖ ఉదహరించినవే. నూనె ప్యాకెట్టు మీద ‘1 లీటరు’ పక్కనే ‘910 గ్రాములు’ అనో దాని దరిదాపు అంకో కనిపించడం వెనకున్న కథ ఇది. ఆ రెండింటిలో నమ్మదగ్గది గ్రాముల అంకె. ఎండలోనూ చలిలోనూ అది మారదు, ఇంటి కాటా మీద పరీక్షించి చూసుకోవడానికీ వీలు.

లీటరు మాటే లేని ప్యాకెట్లు ఇంకో రకం. గతంలో వంటనూనెను నిర్ణీత పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్న నియమం ఉండేది. 2021 నవంబరులో వెలువడిన సవరణతో ఆ జాబితా రద్దయింది. దాని బదులు గ్రాముకో కిలోకో, మిల్లీలీటరుకో లీటరుకో ఎంత పడుతుందో ప్యాకెట్టు మీద అచ్చు వేయాలని నియమం వచ్చింది. దాంతో 910 గ్రాముల ప్యాకెట్టు పక్కనే అదే ఎత్తు, అదే వెడల్పు, అదే రంగులో 870, 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు చేరాయి. 850 గ్రాములు 934 మిల్లీలీటర్లు. 800 గ్రాములు 879. 750 గ్రాములు 824. అలవాటు కొద్దీ అన్నింటినీ లీటరు ప్యాకెట్టనే అడుగుతారు, అలాగే ఇస్తారు. 910 గ్రాములది 145 రూపాయలు, 870 గ్రాములది 140 రూపాయలు అనుకుంటే, రెండోది ఐదు రూపాయలు తక్కువే. కిలోకు లెక్కగడితే మొదటిది 159 రూపాయల చిల్లర, రెండోది దాదాపు 161. చట్టం అడిగిన యూనిట్ ధర ప్యాకెట్టు మీద ఉంటుంది కానీ చిన్న అక్షరాల్లో, మడతలో ఉంటుంది. ఒక సంస్థ గ్రాముకూ, ఇంకో సంస్థ మిల్లీలీటరుకూ వేస్తే వాటిని నేరుగా పోల్చలేం. మిల్లీలీటరు ధరను 0.91తో భాగిస్తేనే గ్రాము ధర వస్తుంది. చట్టం నూనెకు ఒకే యూనిట్ నిర్ణయించి ఉంటే ఈ లెక్క కొనేవారి నెత్తిన పడేది కాదు.

గానుగ దగ్గర మరో రకం చిక్కు. ఇంట్లో పండిన పల్లీలో నువ్వులో పట్టుకెళ్లి ఆడించుకునేవారికి గింజ తూకం కిలోల్లో వేస్తారు, నూనె క్యాన్లలో పోసి ఇస్తారు. పది కిలోల పప్పుకు నాలుగు కిలోల నూనె దిగిందనుకుంటే, అది 4.4 లీటర్లు. నాలుగు లీటర్ల క్యాన్ నింపి ఇచ్చి లెక్క సరిపోయిందంటే, దాదాపు 400 మిల్లీలీటర్లు గానుగలోనే మిగిలిపోయినట్టు. ఆడిన నూనె వేడిగా ఉంటుంది కాబట్టి అప్పటికప్పుడు కొలిస్తే కొంత ఎక్కువే కనిపిస్తుంది. ఇంటికొచ్చి చల్లారాక మట్టం కొద్దిగా దిగుతుంది. నాలుగు రోజులు కదపకుండా ఉంచితే అడుగున మడ్డి తేరుతుంది, దాన్ని వదిలి పైనుంచి వంచుకుంటే మరికొంత తగ్గుతుంది. మట్టం దిగడమంతా మోసం కాదు. గింజ, నూనె, చెక్క మూడూ ఒకే కాటా మీద తూస్తే వివాదమే ఉండదు. నూనె బరువూ చెక్క బరువూ కలిపితే గింజ బరువుకు దగ్గరగా రావాలి. చల్లిన నీటినీ, ఆవిరైన తేమనూ, గానుగకు అంటుకున్న కొంచెం నూనెనూ వదిలేస్తే మిగతాదంతా లెక్కకు తేలాలి.

వంటింట్లోకి వస్తే కొలత చెంచాలది. 5 మిల్లీలీటర్ల టీ చెంచాకు నాలుగున్నర గ్రాముల నూనె పడుతుంది. 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచాకు 13.6 గ్రాములు, 250 మిల్లీలీటర్ల కప్పుకు 228 గ్రాములు. పోపుకు ఈ లెక్క అక్కర్లేదు. తిండిలో కొవ్వును లెక్కపెట్టుకునేవారికి కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కిలోకేలరీల రోజువారీ పళ్లేనికి 27 గ్రాముల నూనె, కొవ్వు చాలని సూచించింది. అది దాదాపు 30 మిల్లీలీటర్లు, రెండు పెద్ద చెంచాలు లేదా ఆరు టీ చెంచాలు. నలుగురున్న ఇంటికి నెలకు 3,240 గ్రాములు, అంటే మూడున్నర లీటర్ల పైచిలుకు. నెయ్యి, వెన్న కూడా అందులోనే. కొవ్వు గ్రాముకు 9 కిలోకేలరీలు అన్నది అందరికీ తెలిసిన లెక్క. దాన్ని మిల్లీలీటరుకు అంటగడితే తప్పు. మిల్లీలీటరు నూనెకు 8.2 కిలోకేలరీలే. పెద్ద చెంచాకు 123.

ఆవకాయ దగ్గర రెండు సంప్రదాయాలు ఉన్నాయి. గిన్నె కొలత పెట్టుకుని ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అన్నీ దానితోనే కొలిచేవారికి మార్పిడి అవసరమే రాదు, అన్నీ పరిమాణాలే. కిలోల్లో పెట్టేవారికీ రాదు. ఒక చోట కిలోల్లో చదివి, ఇంకో చోట లీటరు ప్యాకెట్లతో కొనేవారికే వస్తుంది. ఇంటి జాడీకి కిలో అన్నచోట లీటరు పోస్తే 90 గ్రాములు తగ్గుతుంది. మూడో రోజు తిరగ కలిపినప్పుడు ముక్క మీద నూనె తేలకపోతే ఇంకాస్త పోసుకోవచ్చు. వ్యాపారానికి పెట్టేవారికి అలా కుదరదు. 25 కిలోల నూనె పోయాల్సిన చోట 25 లీటర్లు పోస్తే 2 కిలోల 250 గ్రాములు తక్కువ పడుతుంది. సీసాల్లో పచ్చడి పైన నూనె పొర నిలవక, గాలి తగిలిన చోట బూజు పట్టే ప్రమాదం ఉంది.

ఇంట్లో కొలతపాత్ర లేకపోయినా చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు. ఏ గ్లాసు ఎంత పడుతుందో తెలియకపోతే, ఖాళీ గ్లాసు కాటా మీద పెట్టి అంకెను సున్నా చేసి, అంచుదాకా నీళ్లు నింపాలి. ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ గ్లాసు పరిమాణం సుమారు అన్ని మిల్లీలీటర్లు. 30 డిగ్రీల దగ్గర లీటరు నీరు 996 గ్రాములు కాబట్టి తప్పు లెక్కలోకి రానంత చిన్నది. ఆ అంకెను 0.91తో గుణిస్తే ఆ గ్లాసెడు నూనె బరువు. 200 గ్రాముల నీరు పట్టే గ్లాసుకు 182 గ్రాముల నూనె. బడి ప్రయోగశాలలో సాపేక్ష సాంద్రత సీసాతో చేయించేదీ ఇదే. ముందు నీటితో, ఆరబెట్టి నూనెతో తూచి, రెండో బరువును మొదటిదానితో భాగిస్తారు. ఈ పరీక్షతో కల్తీ పట్టుకోవచ్చనుకుంటే మాత్రం నిరాశే. పల్లీ నూనెలో పామాయిల్ కలిపినా సాంద్రత ఆ 905-915 శ్రేణి దాటదు. అందుకే నూనె స్వచ్ఛతను తేల్చడానికి ప్రయోగశాలలు వక్రీభవన గుణకం, అయోడిన్ విలువ వంటి వేరే పరీక్షల మీద ఆధారపడతాయి. పాత్రతో కొలవడంలో ఇంకో నష్టం ఉంది. నూనె పాత్ర గోడలకు అంటుకుని పూర్తిగా జారదు. వంట చేసే గిన్నెనే కాటా మీద పెట్టి అందులోకే పోసుకుంటే ఆ నష్టమూ ఉండదు, కడగాల్సిన పాత్రా ఒకటి తగ్గుతుంది.

గడ్డకట్టే కొవ్వులకు పరిమాణం అసలే నమ్మదగ్గ కొలత కాదు. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోయి, సీసాలో మట్టం దిగినట్టు కనిపిస్తుంది. కరిగిస్తే మళ్లీ పైకి వస్తుంది. బరువు ఎప్పుడూ అదే. నెయ్యి డబ్బాల మీద లీటరుకు 905 గ్రాములని రాసి ఉంటుంది. అది కరిగిన నెయ్యి లెక్క. పేరుకున్న నెయ్యిని చెంచాతో తీస్తే మధ్య మధ్య గాలి ఉంటుంది, కుప్పగా వస్తుంది. కాబట్టి చెంచా లెక్క ఒక్కో చేతికి ఒక్కో రకం. మిఠాయి కొలతల్లో నెయ్యిని గ్రాముల్లో చెప్పడం అందుకే మంచిది.

వ్యాకోచం కళ్లకు కనిపించేది బాణలిలో. 21 డిగ్రీల దగ్గర లీటరున్న నూనె గారెలు వేసే 180 డిగ్రీల వేడికి చేరేసరికి దాదాపు 1,130 మిల్లీలీటర్లు అవుతుంది. మూడు లీటర్లు పోసిన బాణలిలో అది సుమారు 400 మిల్లీలీటర్ల పెరుగుదల. దానిపైన పిండి వేసినప్పుడు పొంగే నురగ, పిండి ఆక్రమించే చోటు కూడా కలుస్తాయి. బాణలిని సగానికి మించి నింపవద్దని వంటవాళ్లు చెప్పేది ఇది తెలిసే. అంచుదాకా పోసిన నూనె పొంగి పొయ్యి మంట మీద పడితే పట్టుకునే నిప్పును నీటితో ఆర్పడానికి వీల్లేదు. బరువైన నీరు నూనె కిందికి దిగి, ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెను పైకి చిమ్ముతుంది. పొయ్యి కట్టేసి, బాణలి మీద మూత వేసి గాలి ఆడకుండా చేయాలి.

అదే బాణలిలో మళ్లీ మళ్లీ కాగిన నూనెకు కొత్త నూనె లెక్క సరిగ్గా వర్తించదు. కాగేకొద్దీ అణువులు ఆక్సిజనును పట్టుకుంటాయి, ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. నూనె చిక్కబడుతుంది, సాంద్రత కూడా కొద్దిగా పెరుగుతుంది. ఇలా పుట్టే ధ్రువ సంయోగ పదార్థాలు నూటికి 25 పాళ్లు దాటిన నూనెను వంటకు వాడరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. 2018లో ఆ సంస్థే వాడిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్లించే కార్యక్రమాన్నీ మొదలుపెట్టింది. హోటళ్ల నుంచి అలా సేకరించే నూనెలో పిండి నలుసులు, నీరు, మాడిన మడ్డి కలిసి ఉంటాయి. 910 అన్న అంకె అక్కడ ఉజ్జాయింపుగా కూడా నిలవదు. దాన్ని వడకట్టి, నీరు తేరనిచ్చి, కాటా మీద తూచి కిలోల్లోనే లెక్కగట్టాలి.